తుంటి కీలు మార్పిడి: ఏ ఇంప్లాంట్ ఎవరికి నప్పుతది, సర్జన్‌ను ఏం అడగాలె

రాత్రి తొమ్మిది దాటినంక ఫోన్ వస్తది. "అన్నా, అవ్వ బాత్రూంల జారిపడ్డది, తుంటి బొక్క ఇరిగింది, హన్మకొండల అడ్మిట్ చేసినం, ఎల్లుండి ఆపరేషన్ అంటున్నరు, మూడు రేట్లు రాసిచ్చిండ్రు, ఏది పెట్టియ్యాలె?" ఆ కాయితం చూడకున్నా దాంట్ల ఏముంటదో నాకు తెలుసు, ఒకటి మామూలుది, ఒకటి ఇంపోర్టెడ్, ఒకటి సిరామిక్, రేటు పెరిగినకొద్దీ పక్కన లైఫ్ ఎక్కువ అని రాసుంటది. నేను వరంగల్, హన్మకొండల బొక్కల ఆపరేషన్ థియేటర్ల (ఓటీ) టెక్నీషియన్‌గ పద్నాలుగేండ్లు చేసిన. డాక్టర్‌ను కాదు, ఆఖరి మాట మీ సర్జన్‌దే. కని ఆ డబ్బాలు విప్పి టేబుల్ మీదికి ఇచ్చింది నేనే, ఏండ్ల తర్వాత ఖరాబై బయటికొచ్చిన ముక్కలు కడిగింది కూడ నేనే, అందుకే ఎవరికి ఏది నప్పుతదో నాకు తెలిసినకాడికి చెప్త.

ముందుగాల నేను రేటు అడగ. అవ్వ వయసెంత, పడకముందు ఎట్ల నడిచేది, ఇంట్లనే తిరిగేదా చేను దాక పోయేదా, గుండె సంగతేంది, అసలు తుంటి ఎందుకు పోయింది అని అడుగుత. ఇరిగి పోయిందా, అరిగి పోయిందా, లేకుంటే రక్తం అందక తొడ బొక్క పైనుండే గుండ్రటి బాల్ ఎండిపోయిందా, దీన్నే ఏవీఎన్ అంటరు. స్టెరాయిడ్లు ఎక్కువ వాడినోళ్లకు, తాగుడు ఎక్కువున్నోళ్లకు ముప్పై నలభై ఏండ్లకే వస్తది, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు గోండు, కొలాం పిల్లలల్ల సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్నోళ్లకు ఇంకా చిన్న వయసుల వస్తది. డెబ్బై ఎనిమిదేండ్ల అవ్వకు సరిపోయేది ముప్పై ఐదేండ్ల పిలగానికి సరిపోదు, వాని కోసం చేసిన ఖరీదైనది అవ్వకు పెడితే కొన్నిసార్లు నష్టమే అయితది, ఇది చాన మందికి తెల్వది.

పూర్తి కీలుల నాలుగు ముక్కలుంటయి. నడుము బొక్క గుంతల కూసునే కప్పు, దాని లోపల లైనర్, లైనర్‌ల తిరిగే గుండ్రటి హెడ్, ఆ హెడ్‌ను మోసే స్టెమ్, ఇది తొడ బొక్క లోపలికి దిగుతది. మీరు తేల్చుకోవాల్సింది అసలు రెండే: ఇవి బొక్కకు ఎట్ల పట్టుకుంటయి, హెడ్‌కు లైనర్‌కు ఏ పదార్థం ఏ పదార్థంతోని రాపిడి పడుతది. దవాఖానల కౌంటర్ కాడ మాటలన్నీ రెండోదాని మీదనే నడుస్తయి, సిరామిక్కా మెటలా అని. ముసలోళ్లకు మాత్రం మొదటిదే పెద్దది.

ఇరిగిన కేసుల సంగతి ముందు చెప్త, మన దిక్కు ఫోన్లు ఎక్కువ దాని గురించే. తొడ బొక్క మెడ కాడ ఇరిగితే రెండు దారులు, సగం కీలు లేకుంటే పూర్తి కీలు. సగం కీలుల కప్పు ఉండది, పెద్ద బాల్ ఒకటి మన సొంత గుంతలనే తిరుగుతది. అండ్ల అగ్గువది ఆస్టిన్ మూర్ అని పాత డిజైన్, బాల్, స్టెమ్ అంతా ఒకటే ముక్క, స్టెమ్‌కు కిటికీల లెక్క రంధ్రాలుంటయి, బొక్కల నింపే సిమెంటు లేకుండనే దించుతరు. దానికన్న మెరుగైంది బైపోలార్, బాల్ లోపల ఇంకో చిన్న బాల్ తిరుగుతది. మంచం నుంచి బాత్రూం దాకనే నడిచే అవ్వకు, మతిమరుపు ఉన్నోళ్లకు సగం కీలు చాలు, చిన్న ఆపరేషన్, రక్తం తక్కువ పోతది. పడకముందు తన పని తాను చేసుకుంట బజారుకు పోయొచ్చే మనిషికి మాత్రం పూర్తి కీలు గురించి అడగాలె, సగం కీలుల లోహం మన మెత్తటి పొర మీద రాసుకుంట రాసుకుంట కొన్నేండ్లకు గుంతను తినేస్తది. ఆస్టిన్ మూర్ గురించి నా మాట గట్టిగనే చెప్త. నడిచే మనిషికి పైసలు తక్కువైతయని అది ఒప్పుకోకుండ్రి. వదులై కిందికి దిగుడు, నడిచినప్పుడల్ల తొడల నొప్పి, ఇవి నేను మస్తు చూసిన. పైసలు తక్కువుంటే సిమెంటు స్టెమ్ మీద బైపోలార్ పెట్టమని అడగండ్రి, తేడా మీరు అనుకున్నంత ఉండది.

ఇగ సిమెంటు గురించి. సిమెంటు అంటే పాత కాలం పద్ధతి, అగ్గువది, సిమెంటు లేనిది కొత్తది అని మన జనంల ఒక మాట పడిపోయింది. అది తప్పు. ఇంగ్లండ్‌ల రైటింగ్‌టన్ దవాఖానల జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1962ల ఇప్పటి పద్ధతి షురూ చేసిండు, చిన్న స్టీలు బాల్, ప్లాస్టిక్ కప్పు, రెండిటినీ పట్టించడానికి సిమెంటు. అంతకుముందు ఆయన టెఫ్లాన్ కప్పులు పెట్టి చూసిండు, కొన్నేండ్లలనే అరిగి పోయినయి, అన్నీ మళ్ల తీయాల్సొచ్చింది, తర్వాతనే పాలిథిలిన్ అనే గట్టి ప్లాస్టిక్‌కు మారిండు. 1970ల వచ్చిన ఎక్సెటర్ అనే నున్నటి సిమెంటు స్టెమ్ ఇప్పటికీ ప్రపంచంల చాన దేశాలల్ల వాడుతున్నరు. పాతది అనే మాట పక్కన పెట్టి, ఇన్నేండ్ల లెక్క ఉన్నది అని చూడండ్రి.

ఓటీల సిమెంటు కలిపేటప్పుడు పొడి ఒకటి, నీళ్ల లెక్క మందు ఒకటి, రెండు కలిపితే ఘాటు వాసన గదంతా కొడతది, ముందు గంజి లెక్క ఉంటది, తర్వాత చేతికి అంటని పిండి ముద్ద అయితది, ఆ టైంకే సర్జన్ చేతికి ఇయ్యాలె, నిమిషం అటు ఇటు అయినా కష్టమే. ముదురుకుంట వేడెక్కుతది, పది పన్నెండు నిమిషాలల్ల రాయి. అది గమ్ లెక్క అతికియ్యది, బొక్కకు స్టెమ్‌కు మధ్య సందంతా నిండి పట్టుకుంటది. అందుకే బొక్క బోలుగ ఉన్నోళ్లకు అది మంచిది, బరువు ఒక్కకాడ పడకుంట అంతా పంచుతది, ఆపరేషన్ అయిన తెల్లారే కాలు మోపి నడవొచ్చు.

సిమెంటు లేని స్టెమ్ టైటానియం, పైన గరుకుగ ఉంటది, కొన్నింటికి సున్నం పూసినట్టు తెల్లటి పూత ఉంటది, దాని పేరు హైడ్రాక్సీఅపటైట్, మన బొక్కల ఉండే ఖనిజం అసొంటిదే, దాన్ని చూసి బొక్క పెరిగి పట్టుకుంటది. ఫ్రాన్స్‌ల 1986ల షురూ అయిన కోరాయిల్ స్టెమ్ ఈ రకమే. పట్టుకున్నదంటే చాన ఏండ్లు కదలది, అందుకే పడుసోళ్లకు ఇదే సరైంది. కని పట్టాలంటే మొదలు బిగుతుగ కూసోవాలె, రాస్ప్ అనే ఆకురాయి అసొంటి పనిముట్టు పెట్టి సుత్తెతోని కొట్టుకుంట పోతుంటే మొదట్ల బొద్దు చప్పుడు, సరిగ్గ బిగిసినంక కంగుమని వేరే చప్పుడు, అనుభవం ఉన్న సర్జన్ ఆ చప్పుడుకే ఆపుతడు. ఎనభై ఏండ్ల అవ్వ బొక్క లోపల జొన్న చొప్ప బెండు లెక్క ఉంటది, ఆ దెబ్బలకు పగులు వచ్చే ప్రమాదం ఎక్కువ, అప్పుడు రాకున్నా తర్వాత జారిపడితే స్టెమ్ చుట్టు ఇరుగుడు కూడ వీళ్లకే ఎక్కువ. ఆ ఇరుగుడుకు మళ్ల చేసే ఆపరేషన్ మొదటిదానికన్న పెద్దది.

అందుకే నా లెక్క గిట్ల ఉంటది: డెబ్బై దాటి బొక్క పల్చగున్న వాళ్లకు, ముఖ్యంగ ఇరిగి వచ్చిన ఆడోళ్లకు, స్టెమ్ సిమెంటుదే అడగండ్రి. కప్పు మాత్రం సిమెంటు లేకుండ పెట్టి స్టెమ్‌కే సిమెంటు వేసుడు కూడ ఉన్నది, దాన్ని హైబ్రిడ్ అంటరు, మధ్య వయసోళ్లకు కూడ మంచిగ నడుస్తది. అరవై లోపు గట్టి బొక్కకు రెండూ సిమెంటు లేనివి. ఒక్క జాగ్రత్త ఉన్నది, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఎక్కువున్నోళ్లకు సిమెంటు నింపేటప్పుడు బీపీ ఒక్కసారి పడిపోవచ్చు, అరుదు కని జరుగుతది, కాబట్టి మత్తు డాక్టర్‌తోని ముందే మాట్లాడండ్రి, పాత రిపోర్టులన్నీ చూపియ్యండ్రి. సికిల్ సెల్ పిల్లలకు ఇంకో లెక్క, వాళ్ల తొడ బొక్క లోపలి దారి గట్టిపడి సన్నగైపోతది, ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, రక్తం తయారు పెట్టుకోవాలె, ఆక్సిజన్ తగ్గొద్దు. ఆ పిల్లలను ఇలాంటి కేసులు చేసిన సర్జన్ కాడికే తీస్కపోండ్రి, దగ్గర్ల ఉన్నదని ఏదో దవాఖానల చేపియ్యకుండ్రి.

ఇగ రాపిడి సంగతి. ఒకసారి కరీంనగర్ దిక్కు నుంచి ఒక రిటైర్డ్ సారు వచ్చిండు, పందొమ్మిదేండ్ల కింద పెట్టిన కీలు నొప్పి చేస్తాంది. తీసినంక ఆ పాత ప్లాస్టిక్ లైనర్ నేను సబ్బుతోని కడిగి వెలుతురుకు పట్టిన. కింది అంచు మందం అట్లనే ఉన్నది, పై దిక్కు అరిగి అరిగి వేలు గోరంత పల్చగైంది, రుబ్బురోలుల పొత్రం తిరిగి తిరిగి ఒక దిక్కు గుంత పడ్డట్టు బాల్ దాని దారి అదే చేసుకున్నది. ఆ పాత రకం ప్లాస్టిక్ ఏడాదికి ఇంచుమించు 0.1 మిల్లీమీటర్ అరుగుతది, వింటే ఏం లేదనిపిస్తది కదా, కని రాలే పొడి కండ్లకు కనవడనంత సన్నం, మన ఒంట్ల కణాలు దాన్ని తినబోయి, అరిగించుకోలేక, పక్కనున్న బొక్కను కరిగిచ్చే రసాయనాలు వదులుతయి. సారుకు కప్పు వెనుక బొక్కల బొటనవేలు పట్టేంత గుంత పడ్డది. ఇంప్లాంట్ అరిగినందుకు పోయేది తక్కువ, ఆ పొడి బొక్కను తినేసినందుకు పోయేదే ఎక్కువ.

1990ల ఆఖరి నుంచి వచ్చిన క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్ ఈ కథనే మార్చింది. ప్లాస్టిక్‌కు రేడియేషన్ ఇచ్చి లోపలి దారాలను ఒకదానికొకటి ముడిపడేటట్టు చేస్తరు, అరుగుడు చాన తగ్గిపోయింది, కొన్నింట్ల విటమిన్ ఇ కూడ కలుపుతరు, ప్లాస్టిక్ గాలికి పెళుసు కాకుంట. కాబట్టి మీ కాయితంల సిరామిక్ ఉన్నదా లేదా అనేదానికన్న ముందు అడగాల్సింది, లైనర్ హైలీ క్రాస్‌లింక్డేనా అని. ఒక్క ఈ మాట అడిగితే చాలు, సగం పని అయినట్టే. మామూలు పాలిథిలిన్ అంటే ఎందుకు అని అడగండ్రి.

హెడ్ మెటల్ అయితే కోబాల్ట్ క్రోమ్, సిరామిక్ అయితే ఇప్పుడు ఎక్కువ గులాబీ రంగుల వస్తది, అల్యూమినాల జిర్కోనియా కలిపింది, జర్మనీ సిరామిక్ అని మనోళ్లు అనేది దీన్నే. సిరామిక్ నున్నగ ఉంటది, గీత పడది, పైగ హెడ్ స్టెమ్ మీద కూసునే కోన్ కాడ లోహం లోహం రాసుకొని తుప్పు పట్టే సమస్య తగ్గుతది. కాబట్టి అరవై, అరవై ఐదు లోపు మనిషికి సిరామిక్ హెడ్, క్రాస్‌లింక్డ్ లైనర్, ఇదే నేను చెప్పే జోడి. డెబ్బై ఐదేండ్ల అవ్వకు మెటల్ హెడ్, క్రాస్‌లింక్డ్ లైనర్ ఆమె జీవితానికి సరిపోతది, సిరామిక్ కోసం బంగారం కుదువ పెట్టకుండ్రి, ఆ పైసలు ఫిజియోకు, ఇంట్ల కుర్చీ కమోడ్‌కు పెట్టండ్రి.

సిరామిక్ మీద సిరామిక్ అనేది అన్నిట్ల తక్కువ అరిగేది, అది నిజం. జగిత్యాల దిక్కు నుంచి దుబాయిల పనిచేసొచ్చిన ముప్పై ఎనిమిదేండ్ల తమ్ముడు ఒకడు రెండు తుంట్లకు ఏవీఎన్ వచ్చి అడిగిండు, "అన్నా, ఒక్కసారే పెట్టియ్యాలె, మళ్ల మళ్ల నాతోని కాదు, రెండూ సిరామిక్ పెట్టియ్యమంటవా?" అని. నేను చెప్పింది ఏందంటే, అసొంటి వయసుకు అడగదగ్గదే, కని కప్పు కోణం జరంత తప్పినా అది ఓర్చుకోదు, అంచు మీద రాపిడి పడి కిర్రు కిర్రుమని చప్పుడు రావచ్చు, అరుదుగ పగలొచ్చు, పగిలితే ఆ పెంకులన్నీ ఏరి తీసుడు సర్జన్‌కు నరకం, అక్కడ మళ్ల మెటల్ హెడ్ పెట్టరాదు, మిగిలిన పెంకులు దాన్ని గీకి గీకి పొడి చేస్తయి. కాబట్టి ఆ జోడి రెగ్యులర్‌గ పెట్టే సర్జన్ అయితే సరే, ఎప్పుడో ఒకటి పెట్టేటాయన అయితే సిరామిక్, క్రాస్‌లింక్డ్ జోడికే పోవుడు నయం. ఆ తమ్ముడు కూడ దానికే ఒప్పుకున్నడు.

మెటల్ మీద మెటల్ పెద్ద హెడ్‌ది ఎవరన్న చెప్తే వద్దని లేచి రండ్రి. రాపిడికి కోబాల్ట్, క్రోమియం రక్తంలకు పోతయి, చుట్టున్న కండ చచ్చిపోతది. డెప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే ఇసొంటి ఇంప్లాంట్‌నే 2010 ఆగస్టుల వాపస్ తీసుకున్నది, అప్పటికే ప్రపంచం మొత్తం మీద 93,000 మందికి దాక, మన దేశంల 4,700 మందికి దాక పెట్టేసిండ్రు. అప్పట్ల అది కొత్తది, మంచిదనే పెట్టిండ్రు. అందుకే కొత్త మోడల్ అనంగనే నాకు భయమైతది.

హెడ్ సైజు సంగతి మనకు వేరే దేశాలోళ్లకన్న ఎక్కువ అవసరం, ఎందుకంటే మనం కింద కూసునేటోళ్లం. చార్న్‌లీ హెడ్ 22 మిల్లీమీటర్లు, ఇప్పుడు 28, 32, 36 వస్తయి. పెద్దదైతే గుంతల నుంచి జారిపోవాలంటే ఎక్కువ దూరం ఎక్కి దిగాలె, కాబట్టి కీలు జారుడు తక్కువ. అట్లని కావాల్సినంత పెద్దది పెట్టరాదు, హెడ్ పెరిగితే లైనర్ పల్చనైతది. మన ఆడోళ్లు చాన మంది సన్నగ ఉంటరు, కప్పే 46 దాక పడితే 36 హెడ్‌కు జాగ ఉండది, అక్కడ 28, 32 తోనే సర్దుకోవాలె, అది మోసం కాదు. సర్జన్‌ను 32 పడుతదా అని అడగండ్రి, పడితే అదే మంచి మధ్య దారి.

కీలు జారే ప్రమాదం ఎక్కువున్నోళ్లకు, అంటే పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు, ఇదివరకే ఒకసారి జారినోళ్లకు, డ్యుయల్ మొబిలిటీ అని ఉన్నది. 1970లల్ల ఫ్రాన్స్‌ల గిల్ బూస్కే అనే సర్జన్ తయారు చేసిన ఆలోచన, చిన్న హెడ్ పెద్ద ప్లాస్టిక్ బాల్‌ల, ఆ బాల్ మెరుగు పెట్టిన కప్పుల, రెండు కాడ తిరుగుతది. జారుడు చాన తగ్గుతది. నలభై ఏండ్ల మనిషికి మాత్రం నేను మొదటి ఎంపికగ చెప్ప, రాపిడి పడే తలాలు రెండైతయి కాబట్టి.

ఇది పెడితే సక్లముక్లం కూసోవచ్చు, గొంతుకు కూసోవచ్చు, నాట్లు వెయ్యొచ్చు అని ఇంప్లాంట్ పేరు చెప్పి ఎవరన్న హామీ ఇస్తే నమ్మకుండ్రి. కూసునుడు ఇంప్లాంట్ ఒక్కదాని మీద లేదు, కప్పు ఏ కోణంల పెట్టిండ్రు, కండ ఎట్ల కుట్టిండ్రు, ఏ దిక్కు నుంచి కోసిండ్రు, దాని మీద ఉన్నది. వెనుక నుంచి కోసిన వాళ్లకు తుంటి బాగ వంచి మోకాలు లోపలికి తిప్పితే జారుతది, చిన్న పీట మీద కూసొని ముందుకు వంగి కింద పడ్డ వస్తువు అందుకునుడు సరిగ్గ అదే. పత్తి ఏరేటోళ్లు, బీడీలు చుట్టేటోళ్లు సర్జన్‌కు తమ పని ఏందో ముందే చెప్పాలె, నేను ఇట్ల కూసుంట, ఇన్ని గంటలు కూసుంట అని కూసొని చూపియ్యాలె. ఎవరూ చెప్పరు, ఆయన అడగడు, తర్వాత ఇద్దరూ బాధపడుతరు.

మా చిన్నమ్మకు డెబ్బై నాలుగేండ్లు, పరకాల దిక్కు ఊరు, పడ్డ రోజు పొద్దున కూడ చేనుకు పోయొచ్చింది. ఆమెకు సిమెంటు స్టెమ్, సిమెంటు లేని కప్పు, క్రాస్‌లింక్డ్ లైనర్, 32 మెటల్ హెడ్ పెట్టిచ్చినం. కొడుకు సిరామిక్ కోసం ఇంకో అప్పు చేస్తనన్నడు, నేను వద్దన్న, ఇంట్ల బాత్రూం మార్పిచ్చిన, నీళ్లు నిలవకుంట బండలు మార్చి గోడకు పట్టుకునే కడ్డీ పెట్టిచ్చిన. ఇప్పుడు చేను గట్టు దాక కట్టె పట్టుకొని పోతాంది.

కంపెనీ పేరు ఇండియాదా ఇంపోర్టెడా అని కాదు, ఆ మోడల్‌కు ఎన్నేండ్ల లెక్క ఉన్నదని అడగాలె. స్వీడన్‌ల 1979 నుంచి, ఆస్ట్రేలియాల 1999 నుంచి, ఇంగ్లండ్‌ల 2003 నుంచి పెట్టిన ప్రతి కీలు లెక్క రిజిస్ట్రీల రాస్తున్నరు, ఏ మోడల్ ఎన్నేండ్లకు తీయాల్సొచ్చిందో దాంతోని తెలుస్తది. ఒడెప్ అని బ్రిటన్‌ల ఒక రేటింగ్ ఉన్నది, 10ఎ, 13ఎ, 15ఎ అని ఇస్తరు, ముందున్న అంకె ఎన్నేండ్ల ఆధారం ఉన్నదో చెప్తది, ఎ పక్కన చుక్క (*) గుర్తుంటే ఇంకా మంచిది. స్టెమ్‌కు వేరే, కప్పుకు వేరే ఉంటది. 2019ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల వచ్చిన లెక్కల ప్రకారం తుంటి కీళ్లల్ల ఇంచుమించు 58 శాతం 25 ఏండ్లు నడిచినయి, అవన్నీ పాత ప్లాస్టిక్ కాలంల పెట్టినవే ఎక్కువ. ముప్పై ఏండ్ల గ్యారంటీ అని రాసిచ్చే కాయితానికి విలువ లేదు. అన్నిటికన్న పెద్దది, సర్జన్ చేతికి అలవాటైన మోడల్, నేను ఫోన్ల ఏదో పేరు చెప్తే మీరు పోయి అదే కావాలని పట్టు పట్టకుండ్రి, ఆయన ఎప్పుడూ వాడని కంపెనీ సామాన్ల ట్రే తెప్పిచ్చి చేపిచ్చుడు మంచిది కాదు.

రేటు కాడ ఒక మాట. మోకాలి ఇంప్లాంట్లకు 2017 ఆగస్టుల ఎన్‌పీపీఏ, అంటే మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ, గరిష్ఠ ధర పెట్టింది, ఆ ఆర్డర్‌ల తుంటివి లేవు, అందుకే దవాఖాన దవాఖానకు ఇంత తేడా. ఇంప్లాంట్ బిల్లు వేరే ముక్కలవారిగ అడగండ్రి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ల 10 లక్షలకు పెంచిండ్రు, మీ కేసుకు ఏ ప్యాకేజీ వస్తదో, అండ్ల ఏ రకం పెడుతరో ఆరోగ్యమిత్ర కాడ అడ్మిట్ కాకముందే కనుక్కోండ్రి.

ఆఖరిది ఇంప్లాంట్ డబ్బాలల్ల వచ్చే స్టిక్కర్లు. ఒకాయన కప్పు వదులై వచ్చిండు, స్టెమ్ మాత్రం రాయి లెక్క గట్టిగున్నది, కప్పు, లైనర్, హెడ్ మారిస్తే సరిపోయేది. మొదట చేసిన దవాఖాన ఆయనకు స్టిక్కర్లు ఇయ్యలేదు, డిశ్చార్జ్ కాయితంల ఇంపోర్టెడ్ హిప్ అని ఒక్క ముక్క రాసుంది. స్టెమ్ పైన కోన్ ఏ కంపెనీదో, ఏ సైజో తెలువకుంట కొత్త హెడ్ పెట్టలేరు, రెండు కంపెనీల ట్రేలు తెప్పిచ్చి చూసినం, ఏదీ సరిపడలే, చివరికి గట్టిగున్న స్టెమ్‌ను తొడ బొక్క పొడుగున చీల్చి తీసిండ్రు. నేను ఆ టేబుల్ పక్కనే నిలబడ్డ, అది మర్చిపోలేను. ఆయన ఆర్నెల్లు కాలు మోపలేదు. ప్రతి డబ్బాల రెఫ్ నంబర్ (మోడల్ గుర్తు), లాట్ నంబర్ (ఏ బ్యాచ్‌ల చేసిందో) ఉన్న స్టిక్కర్లు వస్తయి, ఒకటి కేస్ షీట్‌కు, ఒకటి మీకు. డిశ్చార్జ్ రోజు బిల్లు కట్టకముందే మీ ఫైల్‌ల కప్పు, లైనర్, హెడ్, స్టెమ్, నాలుగు ఉన్నయా లెక్క పెట్టండ్రి, కప్పుకు స్క్రూలు వేస్తే వాటియి వేరే ఉంటయి. ఫోన్ల ఫోటో తీసి ఇంట్ల ఇద్దరికి పంపండ్రి, జిరాక్స్ తీసి ఆధార్ కార్డు పెట్టే కవర్లనే పెట్టండ్రి, స్టిక్కర్ మీది అక్షరాలు కొన్నేండ్లకు వెలిసిపోతయి కాబట్టి నంబర్లు పెన్నుతోని కూడ రాసుకోండ్రి.